వేడినీళ్లకు లొంగని శాపం: ‘రన్మా ½’ రచయిత్రి రుమికో తకహాషి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రుమికో తకహాషి గారికి,

1987 ఆగస్టు నుంచి 1996 మార్చి వరకు షోగాకుకాన్ ప్రచురణ సంస్థ వారి ‘షోనెన్ సండే’ వారపత్రికలో ధారావాహికగా వెలువడి, 38 సంపుటాలుగా పుస్తకరూపం దాల్చిన మీ ‘రన్మా ½’, జపానులో మాంగా అని పిలిచే బొమ్మల కథల్లో ప్రపంచమంతటా పాఠకులను నవ్వించిన కథగా నిలిచి నాలుగు దశాబ్దాలు కావస్తున్నా, దాని మీద జరిగే చర్చ చాలావరకు ఒకే ప్రశ్న దగ్గర ఆగిపోతూ వచ్చింది. చన్నీళ్లు పడితే ఆడపిల్లగా, వేడినీళ్లు పడితే తిరిగి మగపిల్లవాడిగా మారే కథానాయకుడు నిజానికి ఎవరు అన్నదే ఆ ప్రశ్న. అయితే మూలకథను, దాని ఆధారంగా 1989లో స్టూడియో డీన్, 2024లో మాప్పా నిర్మించిన అనిమేలను, అనగా యానిమేషన్ ధారావాహికలను, పక్కపక్కన పెట్టుకొని చూసినప్పుడు, ఆ ప్రశ్నకు సమాధానం మొదటి భాగంలోనే దొరుకుతుందని, ఆ తరువాతి కథంతా ఇంకొక ప్రశ్నను పట్టుకొని నడుస్తుందని తేటపడుతుంది. శరీరం మారినా రన్మా స్వభావం మారదు, పంతం మారదు, ఆకలి కూడా మారదు. చుట్టూ ఉన్నవారు అతనితో ప్రవర్తించే తీరు మాత్రం మారిపోతుంది, ఆ తీరును శాసించేవి అతనికి ఊహ తెలియకముందే పెద్దలు ఒకరికొకరు ఇచ్చుకున్న మాటలు. రూపం మారడమనే మొదటి శాపాన్ని కెటిల్‌లోని వేడినీళ్లు క్షణంలో తీసివేస్తాయి, పెద్దల మాటలనే రెండవ శాపానికి ఆ నీళ్లు పనిచేయవు. ఈ రెండవ శాపమే మీ కథకు ప్రాణమని చూపడం, అనిమే రూపాలు ఆ ప్రాణాన్ని ఎంతవరకు నిలబెట్టాయో పరిశీలించడం, ఆపైన మీ ముందు ఒక విన్నపం ఉంచడం ఈ లేఖ ఉద్దేశం.

ఈ కథతో పరిచయం లేని తెలుగు పాఠకుల కోసం దాని పునాదిని ఇక్కడ చెప్పుకోవాలి. పదహారేళ్ల రన్మా సావోతొమె, అతని తండ్రి గెన్మా, యుద్ధవిద్యలో ఆరితేరడానికి దేశాలు తిరుగుతూ చైనాలోని జుసెన్‌క్యో అనే కల్పిత ప్రదేశానికి చేరుకుంటారు. అక్కడ వందకు పైగా ఉన్న నీటిగుంటల్లో ప్రతిదానిలోను పూర్వకాలంలో ఎవరో ఒకరు మునిగి చనిపోయారని, అందులో పడినవారు ఆనాడు మునిగిన ప్రాణి రూపాన్ని పొందుతారని ప్రతీతి. దారి చూపే మనిషి వారిస్తున్నా వినకుండా, గుంటల్లో నాటిన వెదురు గడల మీద గెంతుతూ సాధన చేసిన తండ్రి పాండాగాను, కొడుకు ఆడపిల్లగాను మారిపోతారు. చన్నీళ్లు తగిలినప్పుడల్లా ఈ రూపం వస్తుంది, వేడినీళ్లు తగిలితే సొంత రూపం తిరిగి వస్తుంది. ఇంతటి ఉపద్రవం తరువాత ఆ తండ్రీకొడుకులు టోక్యోలోని నెరిమా ప్రాంతంలో ఉన్న తెందో ఇంటికి, అనగా గెన్మా పాత మిత్రుడు సౌన్ నడిపే డోజోకు, అంటే యుద్ధవిద్యలు నేర్పే శాలకు, చేరుకోవడం దగ్గర కథ మొదలవుతుంది. తమ పిల్లలకు పెళ్లి చేసి ఆ శాలను నిలబెట్టుకుందామని మిత్రులిద్దరూ ఏనాడో అనుకున్నారు. సౌన్‌కు ముగ్గురు కూతుళ్లు కసుమి, నబికి, అకానె కాగా, మగపిల్లలంటే గిట్టదు గనుక సగం ఆడపిల్ల అయిన వరుడు నీకే సరిపోతాడని అక్కలిద్దరూ చిన్నదాని మీదికి ఆ సంబంధాన్ని నెట్టివేస్తారు.

ఈ ప్రారంభ ఘట్టంలోనే మీ ప్రతిభ పూర్తిగా కనిపిస్తుంది. వానలో తడిసి ఆడపిల్ల రూపంలో వచ్చిన రన్మాతో అకానె స్నేహం చేద్దామని, శాలలో సరదాగా పోటీపడి, ఓడిపోయినా సంతోషించి, వచ్చింది ఆడపిల్ల అయినందుకు ఊరట పొందుతుంది. కాసేపటికి స్నానాలగదిలో వేడినీటి తొట్టిలో దిగి సొంత రూపం పొందిన అదే మనిషి ఎదురుపడగానే ఆమెకు అతడు శత్రువైపోతాడు. ఈ రెండు కలయికల మధ్య రన్మాలో ఏ మార్పూ రాలేదు, అతడు అబద్ధమూ ఆడలేదు, ఆమెను బాధపెట్టనూ లేదు. అకానె తప్పు కూడా ఏమీ లేదు. ఆమెను ఓడించినవాడికే ఆమెతో తిరిగే అర్హత అని తతెవాకి కునో అనే పై తరగతి విద్యార్థి బడిలో ప్రకటించిన నాటి నుంచి, ప్రతి ఉదయం గేటు దగ్గర గుంపుగా మీదపడే మగపిల్లలందరినీ కొట్టి పడేసిన తరువాత గాని ఆ అమ్మాయి తరగతి గదిలోకి అడుగుపెట్టలేదు. ఆమె కోపం వెనుక ఇంత అనుభవం ఉందని కథ ముందుగానే చెప్పివేయడం వల్ల, తరువాత వచ్చే ప్రతి తగవులోను పాఠకుడు ఇద్దరి పక్షమూ వహించగలుగుతాడు.

చన్నీళ్లు, వేడినీళ్లు అన్న నియమం చూడడానికి అతి సామాన్యంగా ఉన్నా, హాస్య నిర్మాణంలో దానికున్న బలం అసామాన్యమైనది. మంత్రం, మందు, దేవతానుగ్రహం వంటివాటితో జరిగే రూపాంతరం ఎప్పుడు జరగాలన్నది రచయిత ఇష్టం. నీళ్ల విషయంలో అలాంటి ఏర్పాటు అక్కరలేదు, ఎందుకంటే రోజువారీ బతుకులో నీళ్లు లేని చోటు ఉండదు. వాన కురుస్తుంది, ఇంటి ముందు నీళ్లు చల్లుతున్న ముసలమ్మ చేతి గరిటె దారిన పోయేవారిని తడుపుతుంది, తెందో వారి పెరటిలోని చేపల కొలనులోకి ఎవరో ఒకరు ఎగిరిపడుతూనే ఉంటారు. పాండా రూపంలో మాట్లాడలేని గెన్మా తాను చెప్పదలచినదంతా చెక్కపలకల మీద రాసి చూపిస్తాడు, చిక్కు వచ్చినప్పుడు మాత్రం నోరులేని జంతువులా నటించి తప్పించుకుంటాడు. రన్మా కూడా తన ఆడరూపాన్ని చిరుతిళ్లు ఉచితంగా సంపాదించుకోవడానికి మొహమాటం లేకుండా వాడుకుంటాడు. నియమం మారకపోవడం వల్లనే పరిస్థితులు మారినప్పుడల్లా కొత్త నవ్వు పుడుతుంది, ఏళ్ల తరబడి వారం వారం వెలువడిన కథ అలసిపోకుండా నిలవడానికి ఇంతకంటే గట్టి కారణం చూపడం కష్టం.

రన్మా ఒక్కడే అయినా లోకం అతనిని ఇద్దరిగా చూస్తుందన్న విషయం అత్యంత పదునుగా వ్యక్తమయ్యేది షాంపూ ప్రవేశంలో. చైనాలోని ఒక స్త్రీ యోధుల తెగకు చెందిన ఈ యువతి పాటించే ఆచారం ప్రకారం, తమను ఓడించినది పరాయి స్త్రీ అయితే ఆమెను ఎంత దూరమైనా వెంటాడి చంపాలి, ఓడించినవాడు పరాయి పురుషుడైతే అతనిని పెళ్లాడాలి. చైనాలో ఆడరూపంలో ఉండగా రన్మా ఆమెను ఓడించడంతో మృత్యుశాసనం అమలులోకి వస్తుంది. నెరిమాలో మగరూపంలో మళ్లీ ఓడించడంతో వివాహశాసనం అమలులోకి వస్తుంది. ఒకే చేయి, ఒకే నైపుణ్యం, ఒకే ప్రత్యర్థి, అయినా ఒక దెబ్బకు మరణం, ఇంకొక దెబ్బకు కల్యాణం. ఆడరూపంలో ఉన్న రన్మాను చంపడానికి తరిమి, మగరూపంలో ఉన్న రన్మాను కౌగిలించుకునే షాంపూకు తన రెండు ఉద్వేగాలూ నిజాయితీగలవే. నిజం తెలిసిన రోజున ఆమె కళ్ల నీళ్లు పెట్టుకొని వెనుదిరిగి పోవడం ఈ హాస్యకథలో ఎదురుచూడని బరువైన ఘట్టం, అది ఎవరినీ నిందించకుండా ఆ ఆచారాన్నే ప్రేక్షకుడి ముందు నిలబెడుతుంది. ఆడామగా తేడా మీద నిలబడిన ఒక చట్టం, ఆ తేడా నిలకడగా లేని మనిషి ఎదురైతే ఏమవుతుందో ఇంత క్లుప్తంగా చూపిన కథలు అరుదు.

పెద్దల మాటల విషయానికి వస్తే, రన్మా జీవితంలోని చిక్కుముడులన్నిటి కొసలూ గెన్మా చేతిలోనే తేలుతాయి. ఉక్యో కువోన్‌జి కథ ఇందుకు మంచి నిదర్శనం. పిండిలో క్యాబేజీ, గుడ్డు, మాంసం కలిపి పెనం మీద కాల్చే ఒకోనోమియాకి అనే అట్టు వేయడంలో ఆమె తండ్రి దిట్ట. చిన్ననాడు రన్మాతో ఆడుకున్న ఉక్యోను అతనికిచ్చి చేస్తామని ఆ తండ్రి తమ జీవనాధారమైన అట్ల బండిని కట్నంగా ఇస్తే, గెన్మా బండిని తీసుకొని, పిల్లను దారిలో వదిలేసి, కొడుకుతో ఉడాయిస్తాడు. అవమానంతో కుంగిపోయిన ఆ పసిపిల్ల ఆడతనాన్నే వదులుకుని, మగదుస్తుల్లో పెరిగి, పదేళ్ల తరువాత భుజాన పెద్ద అట్లకాడ వేసుకొని పగ తీర్చుకోవడానికి వస్తుంది. కట్నం అన్న మాట వినగానే కలిగే ఇబ్బంది తెలిసిన తెలుగు పాఠకులకు ఈ ఘట్టం దూరపు దేశపు వింతగా తోచదు. పిల్లల పేరుతో పెద్దలు చేసుకున్న బేరంలో వస్తువు నిలిచి మనిషి వీధిన పడడం, ఆ బేరానికి బాధ్యత వహించాల్సినవాడు పాండా రూపంలోకి జారుకోవడం చూసినప్పుడు, రూపాంతరమనే కల్పనకు మీరు ఎంత లోతైన ప్రయోజనం కల్పించారో అర్థమవుతుంది. కొడుకుకు రూపాంతరం చిక్కు, తండ్రికి అదే దాగుడుచోటు.

ఇక రన్మా తల్లి నొదొకా ఉదంతం. పసికందుగా ఉన్న కొడుకును సాధనకోసం తీసుకుపోతూ గెన్మా ఆమెకొక ప్రతిజ్ఞాపత్రం రాసిస్తాడు. బిడ్డను మగవాళ్లలో మగవాడిగా తీర్చిదిద్దుతానని, అలా చేయలేకపోతే తండ్రీకొడుకులిద్దరూ సెప్పుకు చేసుకుంటామని, అనగా సమురాయి సంప్రదాయం ప్రకారం కడుపు కోసుకొని ప్రాణం తీసుకుంటామని దాని సారాంశం. ఆ పత్రం మీద సంతకానికి బదులుగా ఏమీ ఎరుగని శిశువు అరచేతి ముద్ర ఉంటుంది. ఏళ్ల తరువాత గుడ్డలో చుట్టిన కత్తిని చేతబట్టుకొని బిడ్డను వెతుక్కుంటూ వచ్చిన తల్లికి, రన్మా తన ఆడరూపంలో వేరొక పేరుతో పరిచయమై, కొడుకునని చెప్పుకోలేక, ఆమె ఆప్యాయతను పరాయి పిల్లగా అందుకుంటాడు. కన్నతల్లి ఎదురుగా కూర్చొని తన కొడుకు ఎలా ఉంటాడో చెప్పమని ఆ బిడ్డనే అడిగే దృశ్యం, అంతవరకు నవ్విన పాఠకుడి గొంతు పట్టుకుంటుంది. ‘రన్మా ½’ను కేవలం అల్లరి కథగా కొట్టిపారేసేవారు ఈ ఒక్క ఉదంతాన్ని శ్రద్ధగా చదివినా తమ తీర్పును సవరించుకుంటారు.

జపాను సాహిత్యంలో ఈ వస్తువుకు ఉన్న పూర్వచరిత్రతో పోల్చినప్పుడు మీ కథలోని కొత్తదనం ఇంకా స్పష్టమవుతుంది. హెయాన్ యుగం చివరిదైన ‘తొరికాయెబాయా మొనొగతారి’లో మెతక స్వభావం గల కొడుకు ఆడపిల్లగాను, చురుకైన కూతురు మగపిల్లవాడిగాను పెరుగుతుంటే తండ్రి దుఃఖిస్తాడు. 1953లో ఒసాము తెజుకా ప్రారంభించిన ‘రిబ్బన్ నో కిషి’లో రాజ్యాధికారం చేజారకుండా సఫైర్ అనే రాకుమార్తెను రాకుమారుడిగా పెంచుతారు. 1972లో రియోకో ఇకెదా ప్రారంభించిన ‘వెర్సాయ్ గులాబీ’లో వారసుడు లేని సేనాని తన కూతురు ఆస్కార్‌ను సైనికుడిగా తీర్చిదిద్దుతాడు. పురుషపాత్రలను కూడా స్త్రీలే ధరించే తకరాజుకా నాటక సంస్థ 1914 నుంచి ప్రదర్శనలిస్తున్న పట్టణంలోనే తెజుకా బాల్యం గడిచిందన్నది ఇక్కడ గుర్తుచేసుకోదగిన విషయం. తెజుకా, ఇకెదాల కథలు రెండింటిలోనూ ఆడపిల్ల మగవేషం ధరించడం వంశానికో రాజ్యానికో అవసరం. ‘రన్మా ½’లో ఆడపిల్లగా మారడం ఎవరికీ అవసరం లేదు, దానివల్ల ఎవరి వంశమూ నిలబడదు. నిష్ప్రయోజనమైన ప్రమాదంగా దానిని నిలబెట్టడం ద్వారా, వంశం నిలబడాలన్న పెద్దల ఆరాటాన్ని మీరు ఆ ప్రమాదానికి ఎదురుగా నిలిపి పరీక్షించారు.

నీటమునిగి రూపం మారడమన్నది తెలుగువారి జ్ఞాపకంలో కూడా ఉంది. కాకినాడ దగ్గరి సర్పవరం భావనారాయణస్వామి క్షేత్రంలో నారద గుండం, ముక్తికా గుండం అని రెండు కొలనులున్నాయి. మొదటి దానిలో మునిగి స్త్రీగా మారిన నారదుడు సంసారం సాగించి అరవైమంది కొడుకులను కన్నాడని, రెండవ దానిలో మునిగి తిరిగి పురుషరూపం పొందాడని, ప్రభవ మొదలు అక్షయ వరకు తెలుగు సంవత్సరాల అరవై పేర్లూ ఆ కొడుకులవేనని స్థలపురాణం చెబుతుంది. జుసెన్‌క్యోకు ఇంతకంటే దగ్గరి పోలిక దొరకడం అరుదు. ఇంకా లోతైన పోలిక మహాభారతం ఆనుశాసనిక పర్వంలోని భంగాస్వనుడి వృత్తాంతంలో ఉంది. ఇంద్రుడి ఆగ్రహం వల్ల దారి తప్పి, ఒక సరస్సులో స్నానమాడి స్త్రీగా మారిన ఆ రాజు, శాపం తీసివేస్తానని ఇంద్రుడే స్వయంగా వరమిచ్చినప్పుడు స్త్రీగానే ఉండిపోతానని కోరుకుంటాడు. ఆ అవకాశాన్ని రన్మా ఏనాడూ ఆలోచించడు, అతని చూపెప్పుడూ తనను పూర్తి మగవాడిని చేసే నీటిగుంట మీదే ఉంటుంది. అది ఆ పాత్ర స్వభావం గనుక అందులో తప్పులేదు. అయితే తమ శరీరానికి, మనసుకు మధ్య దూరాన్ని అనుభవించిన ప్రేక్షకులు కొందరు రన్మాలో తమను చూసుకున్నారంటే, అందుకు కారణం అతని కోరిక కన్నా రెండు రూపాల్లోనూ తడబాటు లేకుండా తాను తానుగా నిలబడగల అతని శక్తి అయి ఉండాలి.

తెలుగు ప్రేక్షకులకు ఈ సందర్భంలో వెంటనే గుర్తుకువచ్చేది ఇ.వి.వి. సత్యనారాయణ దర్శకత్వంలోని ‘జంబలకిడిపంబ’ చిత్రం. ఒక మందు ప్రభావంతో ఊరిలోని ఆడవాళ్లు మగవాళ్లలాగా, మగవాళ్లు ఆడవాళ్లలాగా ప్రవర్తించడం ఆ చిత్రంలోని హాస్యానికి మూలం. అక్కడ శరీరాలు అలాగే ఉండి నడవడి తారుమారవుతుంది, మీ కథలో నడవడి అలాగే ఉండి శరీరం తారుమారవుతుంది. మొదటి పద్ధతిలో నవ్వు పుట్టాలంటే ఆడవారి నడవడి ఇది, మగవారి నడవడి ఇది అన్న గీత ప్రేక్షకుడి మనసులో ముందే గట్టిగా ఉండి తీరాలి. రెండవ పద్ధతికి ఆ గీతతో పని లేదు, పైగా కథ సాగేకొద్దీ అది చెరిగిపోతూ వస్తుంది. హాస్యానికి ఇదే మేలైన దారి అని చెప్పడానికి సంకోచించనక్కరలేదు.

అనిమే రూపాల విషయానికి వస్తే, 1989 ఏప్రిల్‌లో ఫుజి టీవీలో మొదలై, పేరులో కొద్ది మార్పుతో 1992 సెప్టెంబరు వరకు కొనసాగిన స్టూడియో డీన్ నిర్మాణం మొత్తం 161 భాగాలు. మాంగా ఇంకా వెలువడుతుండగానే తీసినందువల్ల మూలంలో లేని పాత్రలు, సంఘటనలు అందులో చాలా చేరాయి, చివరి వందలో పలచబడ్డ భాగాలు కూడా తక్కువేమీ కావు. ఆ నిర్మాణపు గొప్పతనమంతా దాని తీరుబడిలో, వీధుల్లో సాయంకాలపు వెలుగును చిత్రించిన పద్ధతిలో, ముఖ్యంగా గొంతుల్లో ఉంది. మగ రన్మాకు కప్పెయ్ యమగుచి, ఆడ రన్మాకు మెగుమి హయాషిబర, అకానెకు నొరికో హిదకా గొంతులిచ్చారు. ఒకే పాత్రకు ఇద్దరు నటులు పనిచేసినప్పుడు అది రెండు పాత్రలుగా విడిపోయే ప్రమాదం ఉంటుంది. హయాషిబర గొంతులో ఆడపిల్ల స్వరం ఉన్నా, మాట విరిచే తీరు, కోపంలో తెగింపు, గొప్పలు చెప్పుకునే ధోరణి యమగుచి రన్మావే కావడంతో ఆ ప్రమాదం తప్పింది. రన్మా మారలేదన్న మీ ప్రతిపాదన కాగితం మీద గీతల్లో ఎంత నిలిచిందో, తెర మీద ఈ ఇద్దరి గొంతుల ఏకత్వంలో అంతగానూ నిలిచింది.

35 ఏళ్ల తరువాత 2024 అక్టోబరులో కోనోసుకే ఉదా దర్శకత్వంలో మొదలైన మాప్పా నిర్మాణం ఈ ముగ్గురినీ అవే పాత్రలకు తిరిగి పిలవడం గౌరవించదగిన నిర్ణయం. 12 భాగాల తొలి విడత, 2025 అక్టోబరులో మొదలైన రెండవ విడత మూలకథను దగ్గరగా అనుసరించాయి. లేత రంగులు, పలుచని నీడలు అచ్చు పుస్తకపు పుటలను తలపిస్తాయి. పోరాట దృశ్యాల్లో కదలిక పాతదానికంటే ఎంతో చురుకైనది, నగ్నత్వం విషయంలో కూడా నేటి మర్యాదకు తగిన మెత్తదనం కనిపిస్తుంది. వేగం మాత్రం కొన్నిచోట్ల నష్టం చేసింది, ఎందుకంటే ఒక నవ్వు పూర్తిగా విచ్చుకోకముందే ఇంకొకటి దాని మీద వచ్చి పడుతుంది, పాత నిర్మాణంలో నిశ్శబ్దానికి దక్కిన చోటు ఇక్కడ తగ్గింది.

అయినా అకానె జుట్టు తెగిపడే ఘట్టంలో కొత్త నిర్మాణం తన పరిణతిని చూపింది. పక్కవీధి వైద్యుడు తొఫు మీద మనసుపడిన అకానె, అతనికి తన అక్క కసుమి అంటే ఇష్టమని తెలిసి, అక్కలా కనిపించాలని జుట్టు పెంచుకుంటుంది. రన్మాకు, అతని పాత ప్రత్యర్థి ర్యోగా హిబికికి జరుగుతున్న పోరు మధ్యలో చిక్కుకున్న ఆమె పొడవాటి జుట్టు ర్యోగా విసిరిన తలకట్టు తగిలి మెడదాకా తెగిపోతుంది. ఆ తరువాత వైద్యుడు పొట్టి జుట్టు బాగుందని ఆదరంగా అనడం, ఆమె అతని ముందే వెక్కి వెక్కి ఏడ్చి, ఆ ఏడుపుతోనే ఆ ఆశను వదులుకోవడం, ఇంటికి నడిచే దారిలో రన్మా తనకు చేతనైన మొరటు మాటల్లో అదే మెచ్చుకోలు చెప్పడం, ఇవన్నీ హడావిడి లేకుండా నడిచాయి. శరీరంలో మార్పు రన్మాకే కాదు, ఆ ఇంటిలో ఇంకొకరికీ జరిగిందని, దానిని తిరగదోడే వేడినీళ్లు ఆమెకు లేవని ఈ ఘట్టం మాటల్లో పెట్టకుండానే చెబుతుంది.

ఇంత అభిమానంతో చదివిన కథలో మనసుకు ముల్లులా గుచ్చుకునే చోట్లను దాచిపెట్టడం మీపట్ల గౌరవం అనిపించుకోదు. హప్పొసాయ్ అనే వృద్ధ గురువు ఆడవారి లోదుస్తులు దొంగిలించడం, కనబడిన ప్రతి యువతి మీదా చేయి వేయడం కథలో పదేపదే నవ్వులాటగా వస్తాయి. అతడు దెబ్బలు తినడమే శిక్ష అన్న సమాధానం సరిపోదు, ఎందుకంటే దెబ్బల తరువాత అతడు మళ్లీ అదే పని చేస్తాడు, ఇబ్బందిపడ్డ అమ్మాయిల వైపు నుంచి కథ ఒక్కసారి కూడా తిరిగి చూడదు. అకానె మీద రోజూ జరిగే దాడిని ఆమె కోపానికి కారణంగా చూపిన అదే కలం ఇక్కడ ఎందుకు వెనకాడిందో బోధపడదు. షాంపూ చేత విరిగిన జపనీసులో మాట్లాడించి చైనీయులను వింతమనుషులుగా చూపడం కూడా ఆ కాలపు అలవాటుకు లొంగిపోవడమే, ఆచారానికి, ప్రేమకు మధ్య నలిగిన యువతిగా ఆమె అందుకంటే ఎంతో గొప్ప పాత్ర.

అన్నిటికంటే క్లిష్టమైనది ర్యోగా రహస్యం. చన్నీళ్లు తగిలితే నల్ల పందిపిల్లగా మారే ఈ యువకుడిని, నిజం తెలియని అకానె ముద్దుగా పెంచుకుంటూ తన పక్కలో పడుకోబెట్టుకుంటుంది. రన్మాకు నిజం తెలుసు. కానీ తోటి యోధుడి పరువు కాపాడాలన్న నియమానికి కట్టుబడి చెప్పకుండా ఊరుకుంటాడు. పెద్దల మాటల భారం మోస్తున్న రన్మా తానే ఇంకొకరి పరువు కోసం మాటకు కట్టుబడి, ఆ మాట వెలను అకానె చేత కట్టించడం ఇది. కథ మొత్తంలో అతడు తన తండ్రిని పోలిన క్షణం ఏదైనా ఉంటే ఇదే. మూలకథ చివరి దాకా అకానెకు ఈ సత్యం నేరుగా అందకపోవడం హాస్యానికి అవసరమని కొందరు అనవచ్చు గాని, పాత్రల పట్ల మీకున్న న్యాయబుద్ధికి అది తగినదిగా తోచదు.

38వ సంపుటంలో పెళ్లి పీటల దాకా వచ్చిన ముగింపు, అందరూ కలిసి చేసిన గలాటాలో ఆగిపోయి, శాపం తీర్చే నీళ్లు కూడా చేతికి దక్కకుండా పోయి, రన్మా, అకానెలు మళ్లీ బడికి పరుగెత్తడంతో ముగుస్తుంది. ఇది అసంపూర్ణమన్న విమర్శ చాలాకాలంగా ఉంది. కానీ శాపం తొలగి, పెళ్లి జరిగిపోయి ఉంటే, గెన్మా, సౌన్‌ల ఒప్పందమే సరైనదని కథ ముద్ర వేసినట్లయ్యేది. పెద్దల మాట ప్రకారం పెళ్లి జరగకపోవడం వల్ల, ఆ ఇద్దరి మధ్య పెరిగిన ఇష్టం వారి సొంతంగా మిగిలింది. ఈ విషయంలో మీ నిర్ణయం సాహసోపేతమైనది, సమర్థనీయమైనది.

2018లో ఐస్నర్ హాల్ ఆఫ్ ఫేమ్ గౌరవాన్ని, 2019లో ఫ్రాన్సులోని అంగులెమ్ బొమ్మల కథల ఉత్సవపు అత్యున్నత పురస్కారాన్ని అందుకున్న రచయిత్రికి తన పాత కథను మార్చుకొమ్మని సలహా ఇవ్వడం ఈ లేఖ అభిమతం కాదు. పుస్తకంలో ఉన్నది ఆ కాలానికి సాక్ష్యంగా అలాగే ఉండాలి. మూలానికి దగ్గరగా నడవాలన్న నిష్ఠతో సాగుతున్న కొత్త అనిమే మాత్రం, మీ అనుమతి ఉంటే తప్ప మూలాన్ని దాటి ఒక్క అడుగు వేయదు. అందుచేతనే ఈ విన్నపం నిర్మాతల పేరిట కాక మీ పేరిట వెలువడుతోంది. ఇక ముందు తీయబోయే భాగాల్లో హప్పొసాయ్ నవ్వులాటలకు నిడివి తగ్గించి, వాటికి గురైన అమ్మాయిల స్పందనకు ఆ చోటు ఇవ్వవచ్చు. పందిపిల్ల రహస్యం అకానెకు తెలిసే ఒక సందర్భాన్ని కల్పించి, ఆమె కోపాన్ని రన్మా తలవంచి భరించే దృశ్యాన్ని మీరే రాసి ఇవ్వవచ్చు. నొదొకా ఉదంతం ఈ కొత్త అనిమేలో తెరకెక్కే రోజు వస్తే, మూలంలో సత్యం తెలిసి బిడ్డను దగ్గరకు తీసుకున్న తరువాత కూడా ఆమెను విడవని ఆ మగతనపు కొలబద్ద విషయంలో, తల్లిని, బిడ్డను ఎదురెదురుగా కూర్చోబెట్టి, ఆ ప్రతిజ్ఞాపత్రం ఎవరి అనుమతితో రాసుకున్నారని రన్మా చేత ఒక్కసారి అడిగించవలసిందిగా ప్రార్థన. ఆ ప్రశ్నను అతడు ఏ రూపంలో ఉండి అడగాలన్నది మాత్రం పూర్తిగా మీ నిర్ణయానికే వదిలివేయవలసిన విషయం.

సగౌరవ నమస్కారాలతో,
మీ కథలను ప్రేమించే తెలుగు పాఠకలోకం నుంచి